స్కోమెట్ తెలిసిన కెమిస్టు కావాలి

థయోనిల్ క్లోరైడ్ పేరు వినని ఫార్మా కెమిస్టు ఉండరు. జీడిమెట్లలోనో పరవాడలోనో బల్క్ డ్రగ్ యూనిట్‌లో పనిచేసేవాళ్లకు అది బాగా అలవాటైన డ్రమ్ము. రసాయన ఆయుధాల నిషేధ ఒప్పందంలోని మూడో షెడ్యూల్లోనూ ఆ పేరుంది. క్రీములు, షాంపూల్లో కలిపే ట్రైఇథనాలమైన్ కూడా అందులోనే ఉంది. మందుకు పనికొచ్చే సరుకే విషవాయువు తయారీకీ పనికొస్తుంది. కాబట్టి అది ఎవరి చేతికి వెళుతోందో కనిపెట్టి చూసే మనుషులు కావాలి. అదొక ఉద్యోగం, అందులో ఎదుగుదల కూడా ఉంది. మన డిగ్రీ, పీజీ కాలేజీల్లో దాని ఊసెత్తేవాళ్లు తక్కువ. క్యూసీ, క్యూఏ, ఆర్ అండ్ డీ తప్ప మరో దారి లేదనుకునే విద్యార్థులు దీని గురించి తప్పక తెలుసుకోవాలి.

ఈ ఉద్యోగం ఎందుకు పుట్టిందో తెలియాలంటే 2003 అక్టోబరుకు వెళ్లాలి. లిబియాకు బయల్దేరిన 'బీబీసీ చైనా' అనే సరుకు ఓడను ఇటలీలోని టరాంటో రేవుకు మళ్లించి సోదా చేస్తే, యురేనియం శుద్ధి చేసే సెంట్రిఫ్యూజ్‌ల విడిభాగాలు బయటపడ్డాయి. అవి తయారైంది మలేసియాలోని ఓ ఇంజినీరింగ్ కంపెనీలో, వచ్చింది దుబాయ్ మీదుగా, వెనకున్నది పాకిస్తాన్ శాస్త్రవేత్త ఏ.క్యూ.ఖాన్ నెట్‌వర్క్. పూర్తి బాంబును ఎవరూ ఓడెక్కించరు. మామూలు వర్క్‌షాపుల్లో తయారయ్యే ముక్కలే మామూలు బిల్లులతో వెళతాయి. 2004 ఏప్రిల్‌లో ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 1540వ తీర్మానం చేసి, ఇలాంటి సరుకుపై ప్రతి దేశమూ సొంత చట్టాలు, ఎగుమతి నియంత్రణలు పెట్టుకోవాలని ఆదేశించింది. మన దేశం 2005లో సామూహిక విధ్వంసక ఆయుధాల చట్టం తెచ్చింది. 2022లో దాన్ని సవరించి, ఇలాంటి పనులకు డబ్బు సమకూర్చడాన్నీ నేరం చేసింది. తీవ్రమైన నేరాలకు యావజ్జీవం దాకా శిక్ష పడొచ్చు.

రోజువారీ పనిలో నోట నలిగే మాట 'స్కోమెట్'. ప్రత్యేక రసాయనాలు, సూక్ష్మజీవులు, పదార్థాలు, పరికరాలు, టెక్నాలజీలతో ప్రభుత్వం ఇచ్చిన ఎగుమతి నియంత్రణ జాబితా ఇది. సున్నా నుంచి 8 దాకా కేటగిరీలుంటాయి. అణు సరుకుకు అణుశక్తి విభాగం, ఆయుధ సామగ్రికి రక్షణ ఉత్పత్తుల విభాగం అనుమతి ఇవ్వాలి. మిగతావాటిలో ఎక్కువ భాగం విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీఎఫ్‌టీ చేతిలో ఉంటాయి. హైదరాబాద్‌లోనూ విశాఖపట్నంలోనూ దాని ప్రాంతీయ కార్యాలయాలున్నాయి.

కంపెనీలో ఈ సీట్లో కూర్చున్న మనిషి ఏం చేస్తాడో చూద్దాం. విదేశం నుంచి కొత్త కొనుగోలుదారు మెయిల్ పెడతాడు: ఫలానా రసాయనం ఇన్ని డ్రమ్ములు, వెంటనే కావాలి. మొదట ఆ సరుకు సీఏఎస్ నంబరు, అంటే ఆ రసాయనపు గుర్తింపు సంఖ్య, స్కోమెట్‌లో ఉందా చూడాలి. తర్వాత దేశం. మూడో షెడ్యూల్ రసాయనమైతే రసాయన ఆయుధాల నిషేధ ఒప్పందంలో చేరిన దేశానికి ఒక పద్ధతి, చేరని దేశానికి మరో పద్ధతి. ఈజిప్టు, ఉత్తర కొరియా, దక్షిణ సూడాన్ చేరలేదు. ఇజ్రాయెల్ సంతకం చేసినా ధ్రువీకరించలేదు. ఆ తర్వాతే అసలు పరీక్ష: కొనేవాడు నిజంగా వాడేవాడేనా? చిరునామా వెతికితే ఫ్యాక్టరీ కాకుండా సరుకు రవాణా ఏజెంటు ఆఫీసు తేలుతుంది. బేరమాడకుండా మొత్తం డబ్బు ముందే ఇస్తానంటాడు. ఏ ఉత్పత్తిలో వాడతారని అడిగితే దాటవేస్తాడు. ఇలాంటి చోట మార్కెటింగ్ వాళ్లు ఎంత తొందరపెట్టినా ఫైలు ఆపి, తుది వినియోగదారు ధ్రువపత్రం అడగాలి. జాబితాలో లేని సరుకైనా ఆయుధాల తయారీకి వెళుతోందని తెలిస్తే పంపకూడదన్నది చట్టం. అందుకే జాబితా ఒక్కటే బట్టీపడితే సరిపోదు. ఆ రసాయనంతో ఏమేం చేస్తారో తెలిసినవాడే 'ఈ ఆర్డరులో ఏదో తేడా ఉంది' అని పట్టుకోగలడు. కెమిస్టుకున్న బలం ఇదే.

ఇంజినీర్లకూ ఇక్కడ చోటుంది. నియంత్రణలో ఉన్న డిజైన్‌ను మెయిల్లో విదేశానికి పంపినా అది ఎగుమతే. ఏరోస్పేస్, చిప్ డిజైన్ కంపెనీలున్న హైదరాబాద్‌లో ఈ విషయం తెలిసినవాళ్ల అవసరం ఉంది. ఉద్యోగ ప్రకటనల్లో 'ట్రేడ్ కంప్లయన్స్', 'ఎక్స్‌పోర్ట్ కంట్రోల్' అనే పేర్లతో వెతకండి. ఒక్క మాట మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాలి. ఫ్రెషర్లకు నేరుగా ఈ సీటు దొరకడం కష్టం. ఎగుమతుల డాక్యుమెంటేషన్‌లోనో రెగ్యులేటరీ అఫైర్స్‌లోనో చేరి, అక్కడి నుంచి ఇటు మళ్లడం తేలికైన దారి.

ప్రభుత్వ కొలువైతే సివిల్స్ రాసి ఇండియన్ ట్రేడ్ సర్వీస్‌కో కస్టమ్స్ వైపు ఐఆర్‌ఎస్‌కో వెళ్లొచ్చు. ఎస్‌ఎస్‌సీ సీజీఎల్‌తో వచ్చే కస్టమ్స్ ఎగ్జామినర్, ప్రివెంటివ్ ఆఫీసర్ పోస్టులను చిన్నచూపు చూడకండి. ఓడరేవులో సరుకును కళ్లారా చూసేది వాళ్లే. పరిశోధన మీద మక్కువ ఉంటే గ్వాలియర్‌లోని డీఆర్‌డీఓ ప్రయోగశాల డీఆర్‌డీఈ రసాయన, జీవ ఆయుధాల నుంచి రక్షణపై పనిచేస్తుంది. విదేశాంగ విధానం ఇష్టమైతే ఢిల్లీలోని జేఎన్‌యూలో నిరాయుధీకరణ చదువుకునే కేంద్రం ఉంది.

అంతర్జాతీయ సంస్థల్లో రెండు ముఖ్యం. హేగ్‌లోని రసాయన ఆయుధాల నిషేధ సంస్థ ఓపీసీడబ్ల్యూకు 2013లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. కెమికల్ ఇంజినీర్లు, అనలిటికల్ కెమిస్టులను అది ఇన్‌స్పెక్టర్లుగా తీసుకుంటుంది. కాకపోతే అక్కడ సాధారణంగా ఏడేళ్లకు మించి ఉండనివ్వరు, తర్వాతి అడుగు ముందే ఆలోచించుకోవాలి. వియన్నాలోని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ ఐఏఈఏ అణు పదార్థాలకు లెక్కాపత్రం చూస్తుంది. మన హైదరాబాద్ న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లోనూ కొన్ని యూనిట్లు దాని తనిఖీ పరిధిలో ఉన్నాయి. అణు రంగంలో పీజీ చేసే అమ్మాయిలకు ఐఏఈఏ మేరీ స్క్లొడోవ్‌స్కా క్యూరీ ఫెలోషిప్ ఇస్తోంది. ఆయుధ వ్యాప్తి నిరోధం చదివేవాళ్లూ దానికి అర్హులే. మన అమ్మాయిలు దీన్ని వదులుకోకూడదు.

స్కోమెట్ జాబితా డీజీఎఫ్‌టీ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. కెమిస్ట్రీ వాళ్లు ఒకటో కేటగిరీ, బయోటెక్ వాళ్లు రెండో కేటగిరీ, ఎలక్ట్రానిక్స్ వాళ్లు ఎనిమిదో కేటగిరీ ముందు చదవాలి. లా, కామర్స్ వాళ్లు 2005 చట్టంతో మొదలుపెట్టి, 1992 నాటి విదేశీ వాణిజ్య చట్టానికి 2010లో చేర్చిన అధ్యాయం దాకా రావాలి. తర్వాత మీ జిల్లాలో ఎగుమతులు చేసే ఒక ఫ్యాక్టరీ ఉత్పత్తుల జాబితా తీసుకుని, ఒక్కో సరుకుకు అనుమతి కావాలో అక్కర్లేదో, ఎందుకో ఒక పేజీ రాసి బయోడేటాకు జతచేయండి.