రెండు కొలువుల సందులో ఇటలీ

మల్లాపూర్‌లో ఎవరైనా "ఇటలీ పోతున్న" అంటే, విన్నవాళ్లు అడిగే మొదటి మాట "ఏం పని? జీతమెంత?" అనే. అందులో వింతేమీ లేదు. మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల వైపు నుంచి భీవండికో, ముంబయికో, అక్కడి నుంచి దుబాయికో, మస్కట్‌కో పోయిన మనిషి లేని వాడ ఉండదు. ఇక్కడ వీసా అంటే పనే. చూసి రావడానికి పోవడం, అదీ ఒక్కరే పోవడం ఊరికి కొత్త.

ఆ ఇళ్ల పిల్లలే ఇప్పుడు హైదరాబాద్‌లో కొలువులు చేస్తున్నారు. రెండు మూడేళ్లకోసారి కంపెనీ మారుతున్నారు, దాంతోపాటు బెంగళూరుకో పుణెకో ఊరూ మారుతున్నారు. పాత కంపెనీలో చివరి రోజుకూ కొత్త కంపెనీలో చేరే రోజుకూ నడుమ కొన్ని రోజులు మిగులుతాయి. కొత్త కొలువులో చేరాక ప్రొబేషన్ అయ్యేదాకా పది రోజుల సెలవు అడగడానికి నోరు రాదు. కాబట్టి దూర ప్రయాణానికి ఆ సందే మంచి అదను.

ఇబ్బంది ఏమిటంటే, మీ కాగితాలు అన్నిటికన్నా బలహీనంగా ఉండేదీ అప్పుడే. పాత ఉద్యోగం వదిలేశారు, కొత్తదాంట్లో చేరలేదు. అద్దె ఇల్లు ఖాళీ చేశారు, కొత్తది దొరకలేదు. బ్యాంకులో ఉన్న డబ్బు కొత్త ఊరి అడ్వాన్సుకు పోతోంది. వీసా ఇచ్చే అధికారి చూసేది సరిగ్గా వీటినే: ఈ మనిషికి తిరిగి వచ్చే పని ఉందా, ఇల్లుందా, ఖర్చుకు డబ్బుందా? అందుకే ఈ ప్రయాణంలో డబ్బు కన్నా ముందు చూసుకోవాల్సింది పనుల వరస. ముందు వీసా, తర్వాత ఇల్లు ఖాళీ చేయడం, ఆ తర్వాత విమానం, చేరాల్సిన తేదీకి కనీసం వారం ముందు తిరుగు ప్రయాణం.

చేతిలో ఆఫర్ లెటర్ లేకపోతే

కొత్త కొలువు ఖాయం కాకుండా పాతది వదిలేసి, ఆ ఖాళీలో ఇటలీకి దరఖాస్తు చేయడం నేను సిఫారసు చేయను. షెంగెన్ వీసా తిరస్కరించినప్పుడు ఇచ్చే ఫారంలో ఉండే కారణాల్లో ఒకటి, గడువులోగా తిరిగి వెళ్తారనడంలో సందేహం ఉండటం. ఉద్యోగం లేని రోజుల్లో ఆ సందేహం తీర్చడం కష్టం. ఆఫర్ లేనివాళ్లు కొత్త కొలువులో కుదురుకున్నాకే వెళ్లడం మేలు.

ఆఫర్ ఉంటే దాచకండి. ఇంకా పాత కంపెనీలోనే కొనసాగుతానన్నట్టు సెలవు లేఖ పెట్టి, లోపల రాజీనామా ఇచ్చి ఉంటే, కంపెనీకి ఒక్క ఫోన్ చేస్తే బయటపడుతుంది. కవరింగ్ లెటర్‌లో ఉన్నదున్నట్టు రాయండి: ఫలానా తేదీ వరకు ఇక్కడ, ఫలానా తేదీ నుంచి అక్కడ, నడుమ పది రోజులు ఇటలీ. దానికి పాత కంపెనీ ఇచ్చిన ఉద్యోగ ధ్రువీకరణ, జీతం స్లిప్పులు, చేరే తేదీ స్పష్టంగా ఉన్న కొత్త ఆఫర్ లెటర్ జతచేయండి. తిరిగి రావడానికి కారణమేమిటో ఆ చేరే తేదీయే చెబుతుంది.

హైదరాబాద్‌లో ఉండగానే దరఖాస్తు

వీసా దరఖాస్తు మీరు నివసించే ప్రాంతానికి చెందిన కేంద్రంలో పెట్టాలి. పాస్‌పోర్టు మీద మల్లాపూర్ చిరునామా, హైదరాబాద్ పాస్‌పోర్టు కార్యాలయం ముద్ర ఉన్నవాళ్లకు హైదరాబాద్‌లో దరఖాస్తు సులువు. పుణెకు మారాక అయితే అక్కడ ఉంటున్నట్టు రుజువు చూపాలి, అప్పటికి మీ పేరు మీద అద్దె ఒప్పందం కూడా ఉండకపోవచ్చు.

ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి 15 రోజుల ముందు వరకు దరఖాస్తు తీసుకుంటారు. మామూలుగా 15 రోజుల్లో తేల్చాలి, అవసరమైతే 45 రోజుల దాకా పట్టవచ్చు. ఫీజు 2024 జూన్ నుంచి 90 యూరోలు, దరఖాస్తు కేంద్రం సర్వీసు చార్జీ అదనం. పాస్‌పోర్టు గత పదేళ్లలో ఇచ్చినదై, తిరిగి వచ్చే తేదీ తర్వాత ఇంకో 3 నెలలు చెల్లాలి, రెండు పేజీలు ఖాళీగా ఉండాలి. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులు భరించే ప్రయాణ బీమా తప్పనిసరి. వీసా చేతికి వచ్చేదాకా డబ్బు తిరిగిరాని టికెట్లు కొనకండి.

మన దగ్గర మామూలుగా వచ్చే చిక్కు పేర్లది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది, ఆఫర్ లెటర్‌లో మరో తీరుగా ఉంటుంది. విమాన టికెట్, బీమా, హోటల్ బుకింగ్ అన్నీ పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. ఆఫర్ లెటర్‌లో పేరు తేడాగా ఉంటే కొత్త కంపెనీ హెచ్ఆర్‌ను అడిగి ముందే సరిచేయించుకోండి.

గల్ఫ్ ప్రయాణాలు చూసిన ఇళ్లలో ఈసీఆర్ ముద్ర గురించి అడుగుతారు. ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాల్సిన దేశాల జాబితాలో ఇటలీ లేదు. పైగా పదో తరగతి పాసైనవాళ్లకు ఆ క్లియరెన్స్ అవసరమే ఉండదు. ఆ బెంగ పెట్టుకోకండి.

అడ్వాన్సు ఇచ్చేముందు స్టేట్‌మెంటు

బెంగళూరులో ఇంటి అడ్వాన్సు హైదరాబాద్ కన్నా చాలా ఎక్కువ. నాలుగైదు నెలల అద్దె ఒకేసారి అడిగేవాళ్లు ఉన్నారు. వీసాకు ముందు వారంలో ఆ మొత్తం పంపేస్తే, స్టేట్‌మెంటు చివరి పేజీలో మిగిలేది అరకొర బ్యాలెన్సు. ఆ లోటు పూడ్చడానికి బాబాయి దగ్గర రెండు లక్షలు బదులు తెచ్చి వేస్తే ఇంకా చెడ్డది. నెలనెలా జీతం పడుతున్న ఖాతాలో ఉన్నట్టుండి పడిన మొత్తం ఎవరి కంటికైనా ఆనుతుంది. దరఖాస్తు పెట్టాకే అడ్వాన్సు కట్టండి. అంతకుముందు నెలల్లో జీతంలో కొంత ఖాతాలోనే మిగలనివ్వండి.

ఇటలీ నిబంధనల ప్రకారం 6 నుంచి 10 రోజుల యాత్రకు వచ్చే ఒంటరి ప్రయాణికుడు రోజుకు కనీసం 44.93 యూరోలు చూపాలి. ఇది కాగితం మీది కనీసం మాత్రమే. గది, రైళ్లు, మ్యూజియం టికెట్లు కలిపితే రోమ్‌లో అది చాలదు, రెట్టింపుకు మించే పెట్టుకోండి.

పాత కంపెనీ లెక్క తేల్చి ఇచ్చే ఫుల్ అండ్ ఫైనల్ డబ్బు మీద ఈ ప్రయాణం ఆధారపడకూడదు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం రాజీనామా చేసినవాళ్ల వేతన బకాయి రెండు పనిదినాల్లో చెల్లించాలి. అయినా ఆ డబ్బు పడ్డాకే లెక్క వేసుకోండి. పీఎఫ్ మాత్రం తీయకండి, అదే యూఏఎన్ మీద కొత్త కంపెనీకి బదిలీ అవుతుంది.

ఇల్లు ఖాళీ చేసే వారం

ప్రయాణానికి ముందే ఇల్లు అప్పగిస్తే ఆ నెల అద్దె మిగులుతుంది. మంచం, ఫ్రిజ్ లాంటివి అమ్మేయడమో, కొత్త ఊరికి పంపే రోజు వరకు స్నేహితుల దగ్గర ఉంచడమో చేయండి. బట్టలు, పుస్తకాలు, వంట సామాను మల్లాపూర్ పోవచ్చు. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం సామాను బండిలో వేయొద్దు, ఇటలీకీ తీసుకుపోవద్దు. చేరే రోజు అవి లేకపోతే అక్కడే ఆగిపోతారు. జేబీఎస్‌లో బస్సెక్కి మీరే స్వయంగా ఇంటికి తీసుకెళ్లి అమ్మ బీరువాలో పెట్టి రండి. స్కాన్ కాపీలు ఫోన్‌లోనూ మెయిల్‌లోనూ ఉంచుకోండి.

కొత్త కంపెనీ తరఫున వివరాలు తనిఖీ చేసేవాళ్లు మీరు రోమ్‌లో ఉన్న రోజునే ఫోన్ చేయవచ్చు, ఖాళీ చేసిన ఇంటికి మనిషిని పంపవచ్చు. కాబట్టి ఫారంలో ఏ చిరునామా రాశారో గుర్తుంచుకోండి. ఇల్లు ఖాళీ చేస్తున్నట్టు హెచ్ఆర్‌కు మెయిల్ పెట్టండి. శాశ్వత చిరునామా మల్లాపూర్‌దే అయితే నాన్నకు చెప్పి పెట్టండి. తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చి కొడుకు గురించి, బిడ్డ గురించి ఆరా తీస్తే, "మాకేం తెల్వదు" అని పెట్టేయకుండా నిజం చెబితే చాలు. ఓటీపీ మాత్రం ఎవరడిగినా చెప్పొద్దనండి.

ఆధార్‌కు, బ్యాంకుకు కలిపిన సిమ్‌కు రోమింగ్ వేయించుకోండి. ఇటలీ టైము మనకన్నా వేసవిలో మూడున్నర గంటలు, చలికాలంలో నాలుగున్నర గంటలు వెనక. ఇక్కడ ఉదయం 10 గంటలకు హెచ్ఆర్ ఫోన్ చేస్తే వేసవిలో అక్కడ 6:30.

అమ్మానాన్నల బీమా

ఈ సందులో చాలామంది మరిచేది ఇది. కంపెనీ ఇచ్చిన గ్రూప్ ఆరోగ్య బీమా సాధారణంగా చివరి పనిరోజుతో ఆగిపోతుంది. అందులో అమ్మానాన్నలను చేర్చి ఉంటే వాళ్లకూ ఆగుతుంది. కొత్త కంపెనీ బీమా మీరు చేరాకే మొదలవుతుంది. మీకు ప్రయాణ బీమా ఉంది, ఊళ్లో ఉన్న వాళ్లకు ఈ నడుమ రోజుల్లో ఏ అండా ఉండదు. అర్హత ఉన్న కుటుంబానికి రాజీవ్ ఆరోగ్యశ్రీ ఉంది, 2023 డిసెంబరు నుంచి దాని పరిమితి రూ.10 లక్షలు. కొలువు చేసే పిల్లలున్న ఇళ్లలో అది లేకపోవచ్చు. రాజీనామాకు ముందే వాళ్ల పేరు మీద సొంత పాలసీ తీసుకోండి. కొత్త పాలసీకి వేచి ఉండే గడువులు ఉంటాయి కాబట్టి చివరి వారందాకా ఆగితే లాభం లేదు.

అక్కడ పది రోజులు

శంషాబాద్ నుంచి దోహా, దుబాయి, అబూదాబీ మీదుగా వెళ్లే విమానాలు అనువుగా ఉంటాయి. మీ నాన్న కూలికి దిగిన ఎయిర్‌పోర్టులోనే మీరు విమానం మారతారు. మొత్తం ప్రయాణం ఒకే టికెట్‌గా తీసుకోండి. అప్పుడు మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పినా మరోదాంట్లో పంపే బాధ్యత విమానసంస్థదే.

పది రోజులకు మూడు ఊళ్లు చాలు: రోమ్, ఫ్లారెన్స్, వెనిస్. రోమ్‌లో దిగి వెనిస్ నుంచో మిలాన్ నుంచో బయల్దేరితే వెనక్కి తిరిగే పని ఉండదు. రోమ్ నుంచి ఫ్లారెన్స్‌కు వేగపు రైలులో గంటన్నర. ఈ రైళ్ల టికెట్లు ముందు కొంటే చవక. లోకల్ రైళ్ల కాగితం టికెట్‌ను మాత్రం రైలెక్కేముందు స్టేషన్‌లోని యంత్రంలో పెట్టి ముద్ర వేసుకోవాలి, లేకపోతే టికెట్ ఉన్నా జరిమానా పడుతుంది.

ఫ్లారెన్స్‌లో ఉఫీజీ సోమవారం మూత. వాటికన్ మ్యూజియంలు నెలలో ఆఖరి ఆదివారం తప్ప మిగతా ఆదివారాలు మూత. మిలాన్‌లో డావిన్చీ గీసిన ఆఖరి విందు చిత్రం చూడాలంటే ముందే బుక్ చేసుకోవాలి, లోపల ఉండనిచ్చేది 15 నిమిషాలే. వెనిస్‌లో రాత్రి ఉండకుండా వచ్చిపోయేవాళ్లు 2024 నుంచి కొన్ని రోజుల్లో ప్రవేశ రుసుము కట్టాలి. హోటల్ బిల్లు మీద ఊరి పన్ను, రెస్టారెంట్‌లో బల్ల దగ్గర కూర్చుని తింటే 'కొపెర్తో' పేరుతో ఒకటి రెండు యూరోలు అదనంగా పడతాయి, మోసమని గొడవపడకండి. మాంసం తిననివాళ్లు 'సెన్సా కార్నే' అంటే అర్థమవుతుంది. రోమ్ వీధి కొళాయిల నీళ్లు తాగవచ్చు, సీసాలు కొనక్కర్లేదు.

2025 అక్టోబరు నుంచి షెంగెన్ సరిహద్దుల్లో ముద్రకు బదులు ఫొటో, వేలిముద్రలు తీసుకునే పద్ధతి మొదలైంది. మొదటిసారి వెళ్లేవాళ్లకు క్యూలో ఆలస్యం కావచ్చు. తిరుగు టికెట్, హోటల్ బుకింగ్, బీమా, ఆఫర్ లెటర్ ప్రింట్లు చేతి సంచిలో ఉంచుకోండి. రోమ్‌లో టెర్మినీ స్టేషన్ చుట్టుపక్కల జేబుదొంగలున్నారు, పాస్‌పోర్టు జాగ్రత్త. ఏ ఆపద వచ్చినా 112. రోమ్‌లో భారత రాయబార కార్యాలయం, మిలాన్‌లో కాన్సులేట్ ఉన్నాయి.

ఊళ్లో అడిగితే

మీరు పోయొచ్చారని తెలిశాక "మావోనికి కూడ ఇటలీ వీసా తీపియ్యి బిడ్డా" అని అడిగేవాళ్లు ఉంటారు. మీది చూసొచ్చే వీసా అనీ, దాని మీద పని చేయకూడదనీ స్పష్టంగా చెప్పండి. ఇటలీకి పనివాళ్లు కావాల్సిన మాట నిజమే. 2026 నుంచి 2028 వరకు మూడేళ్లకు దాదాపు 5 లక్షల పని వీసాల కోటా ప్రకటించింది. 2023 నవంబరులో భారత్‌తో వలసల ఒప్పందమూ చేసుకుంది. కానీ ఆ అనుమతికి దరఖాస్తు చేయాల్సింది అక్కడి యజమాని. విజిట్ వీసా మీద పంపి అక్కడ మారుస్తామనే ఏజెంటును నమ్మొద్దు. కాగితాలు లేకుండా పొలం పని చేస్తున్న సత్నాం సింగ్ అనే పంజాబీ యువకుడు 2024 జూన్‌లో లాతీనా దగ్గర యంత్రంలో చెయ్యి తెగితే, ఆసుపత్రికి చేర్చకుండా ఇంటి ముందు వదిలేశారు, అతను చనిపోయాడు. పని కోసం పోయేవాళ్లను కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్‌ పోర్టల్‌లో నమోదైన ఏజెంట్ల దగ్గరికో, తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌కో పంపండి.

తొంభై రోజుల నోటీసు ఉన్నవాళ్లకు

మొదటి రెండు వారాల్లో పాస్‌పోర్టు, పేర్లు, కంపెనీ లేఖలు, అమ్మానాన్నల పాలసీ సరిచూసుకోండి. నెల తిరిగేలోపు దరఖాస్తు పెట్టేయండి. 45 రోజులు పట్టినా ఇంకా రెండు వారాలు మిగులుతాయి. వీసా వచ్చాకే ఇంటి యజమానికి ఖాళీ చేసే తేదీ చెప్పండి, ఒప్పందంలో నెల నోటీసు ఉంటే అంతకుముందే చెప్పాల్సి రావచ్చు. చివరి రెండు వారాలు సామాను, సర్టిఫికెట్లు. నోటీసు 30 రోజులే అయితే ఈ సందులో ఇటలీ పెట్టుకోకండి, ఆ రోజులు మన దేశంలోనే ఎటైనా తిరగడానికి వాడుకోండి.

ఇవన్నీ కుదరాలంటే చివరి పనిరోజుకూ చేరే తేదీకీ మధ్య ఇరవై రోజులు ఉండాలి: ప్రయాణానికి పది, ముందో రెండు మూడు, తర్వాత వారం. జీతం మాట్లాడేటప్పుడే ఆ ఇరవై రోజులూ అడగండి. ఆఫర్ మీద సంతకం పెట్టాక చేరే తేదీ జరపమంటే మొహమాటంగా ఉంటుంది, సంతకానికి ముందు అడిగితే చాలా కంపెనీలకు అది పెద్ద విషయం కాదు.