రోజుకు 22 గంటలు పెట్టుకోగలిగితేనే అలైనర్లు

వంకర పళ్లు సరిచేయించుకోవడానికి వయసు అడ్డం కాదు. చిగుళ్లు, ఎముక గట్టిగా ఉంటే నలభై దాటినా పళ్లు కదులుతాయి. మైదుకూరులో బ్యాంకులోనో, బడిలోనో, బట్టల షాపులోనో పనిచేసేవాళ్లు ఇన్నాళ్లూ వెనకాడింది ఎక్కువగా ఇనుప క్లిప్పులకే. "ఈ వయసులో పండ్లకు ఆ తీగలేందప్పా?" అని ఎవరైనా అంటారేమోనని. పెద్దగా కనిపించని, తీసి పెట్టుకునే అలైనర్లు వచ్చాక ఆ మొహమాటం చాలావరకు తగ్గింది. కానీ డబ్బు కట్టే ముందు మీ పనిదినం ఎలా గడుస్తుందో ఒకసారి లెక్క వేసుకోండి.

డాక్టరు నోటిని స్కాన్ చేసి, ఏ పన్ను ఎటు జరగాలో కంప్యూటర్‌లో ప్లాన్ వేస్తారు. దాని ప్రకారం పలచటి ప్లాస్టిక్ ట్రేలు వరసగా తయారవుతాయి. ఒక్కో ట్రే పన్నును దాదాపు పావు మిల్లీమీటరు జరుపుతుంది. వారానికో రెండు వారాలకో ట్రే మార్చాలి. ఇదంతా రోజుకు సుమారు 22 గంటలు పెట్టుకుంటేనే. అంటే తిండికీ, టీకీ, బ్రష్‌కీ కలిపి మీకు మిగిలేది సుమారు రెండు గంటలు.

చిక్కంతా టీ దగ్గరే. ట్రేలతో మంచినీళ్లు తప్ప మరేదీ తాగకూడదు. వేడి టీకి ప్లాస్టిక్ వంగుతుంది, రంగు పడుతుంది, లోపల చిక్కుకున్న చక్కెర పళ్లను పుచ్చిస్తుంది. రోజుకు ఐదు టీలు తాగి, ప్రతిసారీ పావుగంట తీసి ఉంచితే గంటంబావు అక్కడే పోయింది. టీని టిఫిన్‌కీ భోజనానికీ జత చేసేయండి. తిన్న వెంటనే నోరు పుక్కిలించి, వీలైతే బ్రష్ చేసి పెట్టేసుకోండి. ట్రేల డబ్బా ఎప్పుడూ జేబులో ఉండాలి. హోటల్లో పేపర్‌లో చుట్టి పక్కన పెడితే ఎంగిలి ప్లేటుతో పాటే పోతాయి. మన కడప ఎండల్లో బండి డిక్కీలోనో, కారు అద్దం ముందరో అస్సలు పెట్టొద్దు. కడగడానికి కూడా చన్నీళ్లే వాడండి.

మార్కెట్ యార్డులోనో, లారీ మీదనో, హోటల్లోనో పనిచేస్తూ, తినే వేళ తమ చేతిలో లేనివాళ్లకు నా సలహా క్లిప్పులే. తీసేసే వీలుండదు కాబట్టి వాటి పని అవి చేసుకుపోతాయి. తీగలు కనిపించడమే బాధైతే పంటి రంగు సిరామిక్ క్లిప్పులూ ఉన్నాయి. దవడ తేడా బాగా ఉన్నవాళ్లకు అలైనర్లొక్కటే చాలకపోవచ్చు.

ముందు పళ్ల మధ్య సందులు ఈమధ్యే పెరుగుతుంటే మాత్రం ఆగండి. పెద్దవాళ్లలో అది చాలాసార్లు చిగుళ్ల జబ్బే. అది నయం కాకుండా పళ్లు జరిపితే ఉన్నవీ వదులవుతాయి. షుగర్ ఉన్నవాళ్లు దాన్ని అదుపులోకి తెచ్చుకున్నాకే మొదలుపెట్టాలి. ఫ్లోరైడ్ నీళ్లతో పెరిగి పళ్ల మీద మచ్చలున్నవాళ్లు ఇంకో సంగతి అడగాలి. ట్రే పట్టు కోసం పంటికి చిన్న బొడిపెలు అంటిస్తారు, మచ్చల పళ్ల మీద అవి త్వరగా ఊడే అవకాశం ఉంది.

డాక్టరు ఆర్థోడాంటిక్స్‌లో ఎండీఎస్ చేసినవారై ఉండాలి. మన మైదుకూరు నాలుగు దార్ల కూడలి, ప్రొద్దుటూరు దగ్గరే, కడపకూ బస్సులకు కొదవ లేదు. పని అయ్యాకో, సెలవు రోజునో వెళ్లిరాగలిగిన చోటే ఎంచుకోండి. ఖర్చు భారమనిపిస్తే కడప ప్రభుత్వ దంత వైద్య కళాశాలలో ముందు చూపించుకుని అడగండి.

ఇంట్లోనే అచ్చు తీసి పంపితే ట్రేలు పార్సిల్లో వస్తాయనే ప్రకటనలను నమ్మొద్దు. అమెరికాలో 2014లో అలా మొదలైన స్మైల్ డైరెక్ట్ క్లబ్ 2023 సెప్టెంబర్‌లో దివాలా పిటిషన్ వేసి, డిసెంబర్‌లో మూతపడింది. చికిత్స సగంలో ఉన్నవాళ్లను పట్టించుకునే దిక్కు లేకపోయింది. వాయిదాలు మాత్రం కడుతూనే ఉండాలన్నారు. అందుకే ఈఎంఐ కాగితం మీద సంతకం పెట్టే ముందే అడగండి: అప్పు ఇచ్చేదెవరు? మధ్యలో డాక్టరు ఊరు మారితే ఎలా? పళ్లు అనుకున్నట్టు జరగకపోతే చేసే అదనపు ట్రేలు ఇందులోనే వస్తాయా? సమాధానాలు రాతపూర్వకంగా తీసుకోండి.

మొదటి ట్రే శనివారం సాయంత్రం పెట్టించుకోండి. స, శ దగ్గర నాలుక కొన్నాళ్లు తడబడుతుంది. టీచర్లు ఇంట్లో పేపరు పైకి చదివితే త్వరగా అలవాటవుతుంది. కొత్త ట్రే రాత్రి పడుకునే ముందు మార్చుకుంటే నొప్పి నిద్రలో కొంత గడిచిపోతుంది. పాత ట్రే వెంటనే పారేయొద్దు, కొత్తది పోతే డాక్టరుకు చూపించేదాకా అదే ఆధారం.

అంతా అయ్యాక పళ్లు పాత చోటికి జరగకుండా రిటైనర్ ఇస్తారు. ఏళ్లపాటు రాత్రిళ్లు పెట్టుకోవాలి, అది అరిగినప్పుడో విరిగినప్పుడో మార్చుకోవాలి. ఆ ఖర్చునూ మొదటి రోజే లెక్కలో వేసుకోండి.