రౌటరు ప్రారంభ విధానము – కాన్ఫిగరేషన్ రిజిస్టరు



ఒక కంప్యూటరు పంపిన సందేశమును తగిన మార్గమున వేరొక నెట్‌వర్కునకు చేర్చు యంత్రమే రౌటరు. తెరయు, కీబోర్డును లేకున్నను ఇదియు ఒక కంప్యూటరే. విద్యుత్తు పోయి తిరిగి వచ్చినపుడు ఇది దేనిని జ్ఞాపకముంచుకొనును, దేనిని మరచును? ఐఓఎస్ అను ప్రోగ్రాముతో పనిచేయు సిస్కో రౌటరును ఉదాహరణముగా గైకొని పరిశీలింతము. ఈ సంస్థను 1984లో అమెరికాలో లియొనార్డ్ బొజాక్, శాండీ లెర్నర్ స్థాపించిరి.

తెలుగున స్మృతి యనియు, ఉర్దూలో హాఫిజా యనియు చెప్పదగిన మెమొరీ ఇందు నాలుగు విధములు. రామ్ నందు ప్రస్తుతము అమలులోనున్న అమరిక (రన్నింగ్-కాన్ఫిగ్) ఉండును. విద్యుత్తు పోయిన అది నశించును. ఎన్‌వీరామ్ నందు భద్రపరచిన అమరిక (స్టార్టప్-కాన్ఫిగ్) నిలిచియుండును. ఫ్లాష్ నందు ఐఓఎస్ ఉండును. రోమ్ నందు ప్రారంభ ప్రోగ్రాము ఉండును.

స్విచ్చి వేయగనే రౌటరు మొదట తన భాగములను పరీక్షించుకొనును. పిదప ఐఓఎస్‌ను రామ్‌లోనికి తెచ్చుకొనును. తుదకు భద్రపరచిన అమరికను చదువును. ఈ క్రమమును శాసించునది 16 బిట్ల కాన్ఫిగరేషన్ రిజిస్టరు. దీనిని 16 ఆధారముగా గల సంఖ్యామానములో నాలుగంకెలతో వ్రాయుదురు. సాధారణముగా దీని విలువ 2102. చివరి అంకె 0 అయినచో ఐఓఎస్ రాక, రౌటరు రోమ్‌మాన్ అను ప్రాథమిక దశలోనే ఆగును. మూడవ అంకె 0కు బదులు 4 అయినచో, అనగా విలువ 2142 అయినచో, భద్రపరచిన అమరికను చదువకయే లేచును. ఆ అమరిక చెరిగిపోదు, చదువబడదు, అంతియే.

సంకేతపదము మరచినపుడు ఇదియే ఉపాయము. కన్సోలు తీగను తగిలించి, రౌటరును ఆర్పి వెలిగించి, 60 సెకండ్లలోపల బ్రేక్ మీటను నొక్కవలెను. రోమ్‌మాన్ వచ్చిన పిదప ‘కాన్ఫ్‌రెగ్ 0ఎక్స్2142’ అనియు, ‘రీసెట్’ అనియు ఆజ్ఞాపింపవలెను. రౌటరు లేచి అడుగు ప్రశ్నకు ‘నో’ అని చెప్పి, ‘ఎనేబుల్’ దశకు పోయి, ‘కాపీ స్టార్టప్-కాన్ఫిగ్ రన్నింగ్-కాన్ఫిగ్’ అనవలెను. ఇచట మిక్కిలి జాగరూకత అవసరము. పదముల వరుస తారుమారైనచో రిక్తమైన అమరిక వచ్చి పాతదానిని తుడిచివేయును. ముందే వేరొకచోట ప్రతి లేనిచో సమస్తమును మరల వ్రాసికొనవలసి వచ్చును.

తరువాత క్రొత్త సంకేతపదమును ఏర్పరచి, మూతపడియున్న ఇంటర్‌ఫేసులను ‘నో షట్‌డౌన్’ అను ఆజ్ఞతో తెరచి, ‘కాన్ఫిగ్-రిజిస్టర్ 0ఎక్స్2102’ అని విలువను పూర్వస్థితికి తెచ్చి, అమరికను భద్రపరుపవలెను. ‘షో వెర్షన్’ అనినచో, తుది పంక్తిలో మరుసటి ప్రారంభమునకు వర్తించు విలువ కనబడును. 2142ను అట్లే విడిచినచో ఆ దినమున ఏ లోపమును తోపదు. కాని ఎన్నడో విద్యుత్తు పోయి వచ్చిన క్షణమున రౌటరు తన అమరిక నంతయు మరచి లేచును; దానిపై ఆధారపడిన వారందరి సంబంధములు తెగిపోవును.

రౌటరును తాకగలిగినవాడు సంకేతపదమును దాటిపోగలడు. కావున రౌటరు గదికి తాళము, ఈ పనికి అధికారి అనుమతి, అమరికకు వేరొకచోట ప్రతి తప్పక ఉండవలెను. అంకెను మార్చుట ఎరిగిన విద్యార్థి దానిని యథాస్థితికి తెచ్చుటయు మరువరాదు.