అసలేది? నకలేది?

పనిచేయుచోట ఒక కంప్యూటరును, ఇంట నొక కంప్యూటరును ఉంచుకొని, ఒకే ఫైలును రెండుచోట్లను సవరించువారు నేడు అనేకులు. ఆ రెండు ప్రతులను ఏకరీతిగ నుంచుటయే సింక్రనైజేషన్. ఇది నకలు తీయుట వంటిది కాదు. దస్తావేజులయందు అసలు ఒకటి, నకలు వేరొకటి (ఈ రెండు మాటలును ఉర్దూ ద్వారా తెలుగునకు వచ్చినవే). ఇచ్చట రెండును అసలే. చిక్కంతయు అందే యున్నది.

తేదీనిబట్టి కొత్తదానిని నిలిపిన చాలునని మేమును తలంచితిమి. ఒక వేసవిలో పాఠ్యవ్యాసము నొకదానిని మూడు రాత్రులు ఇంట కూర్చుండి సవరించితిమి. అంతర్జాల సంబంధము లేని మా కంప్యూటరులోని చిన్న బ్యాటరీ తీరిపోయి, గడియారము కొన్ని యేండ్లు వెనుకకు పోయినదని గమనింపలేదు. మరునాడు మా సవరణలు పాతవిగను, కళాశాలలోని పాత ప్రతి కొత్తదిగను యంత్రమునకు తోచినవి. అది తన నియమమును తప్పలేదు. మా మూడు రాత్రులు మాత్రము తుడిచిపెట్టుకొనిపోయినవి.

కావున ‘ఏది కొత్తది?’ యని గాక, ‘కడసారి రెండును ఒక్కటిగ నున్నపుడు ఎట్లుండెను?’ అని యడుగవలెను. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున బెంజమిన్ పియర్స్ గారి బృందము రూపొందించిన యూనిసన్ అనునది ఆ పూర్వస్థితిని గుర్తుంచుకొనును. ఒక ప్రతియే మారినచో దానిని రెండవచోటికి పంపును. రెండును మారినచో తాను తీర్పు చెప్పక మనలను అడుగును. యంత్రమునకు ఈ పాటి వినయము శోభించును.

పంపుటలో పొదుపు నేర్పినది 1996లో ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకరస్ గార్లు వెలువరించిన ఆర్‌సింక్. అది ఫైలును తునకలుగ భావించి, ఒక్కొక్క తునకకు ఒక సంక్షిప్త సంఖ్య కట్టి, ఆ సంఖ్యలను పోల్చి, భేదించినంతవరకే పంపును. కుదించిన ఫైళ్లలో ఈ లాభము అంతగా నుండదు.

ఇక నిర్బంధముల మాట. అనేక కార్యాలయములలో వెలుపలినుండి లోనికి వచ్చు మార్గము మూసియుండును; పెన్‌డ్రైవ్ కూడ పనిచేయదు. లోనినుండి పోవు మార్గము కొంత తెరచియుండుట చూచి, దొంగదారి తీయుట నేర్పరితనమని విద్యార్థులలో కొందరి భావము. మేము ఒప్పుకొనము. మా పాఠ్యవ్యాసము మాది. విద్యార్థుల మార్కులు, చిరునామాలు మావి కావు. అవి ఇల్లు చేరి, ఆ కంప్యూటరు పరుల చేతబడినచో నష్టపడువారు వారే. అందుచేత మార్కుల పనిని కళాశాలలోనే ముగింతుము.

పాఠములకై వ్రాతమూలకముగ అనుమతి పొంది, సంకేతపదముతో భద్రపరచిన ఒక పెన్‌డ్రైవ్‌ను మధ్యవర్తిగ నుంచుకొంటిమి. సాయంత్రము కళాశాలలో దానితో సరిచేయుదుము. ఇంట ఫైలు తెరచుటకు ముందొకసారి, మూసిన పిదప మరియొకసారి సరిచేయుదుము. బ్యాటరీని కూడ మార్పించితిమి.