సంఘం మాట, సర్కారు కాగితం

తెనాలిలో మందుల ఏజెన్సీ పెట్టినా, బాపట్లలో ఆటో కొని స్టాండులోకి తెచ్చినా, రేపల్లెలో రొయ్యల కాటా తెరిచినా మొదటి వారంలోనే ఎవరో ఒకరు వచ్చి ఒక మాట అంటారు: "ముందు సంఘంతో మాట్లాడుకోండి." ఆ మాటకు హడలిపోనక్కర్లేదు, కొట్టిపారేయనూ కూడదు. వెళ్లి మాట్లాడండి. కానీ వెళ్లేముందు ఒక సంగతి తేల్చుకోండి. ఆ గడప దగ్గర మిమ్మల్ని ఆపుతున్నది చట్టమా, లేక చట్టంలా కనిపించే అలవాటా? ఈ రెండూ వేరని తెలియకే కొత్తగా వచ్చినవాళ్లలో చాలామంది పెట్టుబడి పోగొట్టుకుంటారు.

ఈ గడప నిన్నమొన్నటిది కాదు. తెనాలి–రేపల్లె రైల్లో తిరిగేవాళ్లకు భట్టిప్రోలు స్టేషన్ తెలుసు. 1892లో అలెగ్జాండర్ రే అక్కడి స్తూపం తవ్వినప్పుడు ధాతువులు దాచిన రాతి కరండాలు దొరికాయి. వాటిమీది ప్రాకృత శాసనాల్లో 'నెగమ' అనే మాట, దానికింద వరసగా పేర్లు ఉన్నాయి. నెగమ అంటే నిగమం, పట్నంలోని వర్తకుల సమాజం. పక్కనే ఒక గోష్ఠి ప్రస్తావన, ఆ గోష్ఠికి కుబీరకుడనే రాజే ముఖ్యుడన్న మాట. అది దానం కోసం కూడిన గోష్ఠి, కాబట్టి దాన్ని గుత్తాధిపత్యం అనలేం. కానీ రెండువేల ఏళ్లకు పైబడిన ఆ రాళ్లమీద వర్తకుల సమాజమూ రాజూ పక్కపక్కనే ఉన్నారు. ఆ జత ఇప్పటికీ విడిపోలేదు.

బేరం ఎలా కుదిరేదో చూడాలంటే ఇప్పటి బాపట్ల జిల్లాలోనే ఉన్న మోటుపల్లికి వెళ్లాలి. కాకతీయ గణపతిదేవుడు 1244 ప్రాంతంలో అక్కడ అభయశాసనం వేయించాడు. అంతకుముందు తుఫానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును రాజులు లాక్కునేవారు. గణపతిదేవుడు అది మాన్పించి, ముప్పైలో ఒక వంతు సుంకం కడితే చాలన్నాడు. 1358లో అదే రేవులో రెడ్డిరాజు అనవోతారెడ్డి వర్తకులకు మళ్లీ రాయితీలు ప్రకటించాడు. రక్షణ రాజుది, సుంకం రాజుకి, సరుకు నడిపించే పని వర్తకులది. పెక్కండ్రు, నకరం, అయ్యావళి అయిదువందల వారు లాంటి వర్తక సమాజాలు ఈ ఏర్పాటు మీదే బతికాయి. డబ్బుతో పాటు హోదా కూడా దక్కేది. 1086 ప్రాంతపు టేకి తామ్రశాసనంలో వేంగిని ఏలుతున్న చోడగంగు తెలికి కులస్థులకు పెళ్లి ఊరేగింపులో గుర్రమెక్కే హక్కు ఇచ్చాడు.

యూరప్‌లో ఈ బేరం ఇంకా బిగుసుకుంది. ఇంగ్లండులో 1563 నాటి చట్టం ప్రకారం ఏడేళ్లు శిష్యరికం చేయనివాడు చేతివృత్తి చేపట్టకూడదు. ఆ నిబంధన 1814 దాకా నడిచింది. ఫ్రాన్సు 1791లో గిల్డులనే వృత్తిసంఘాలను రద్దు చేసింది. షీలా ఓగిల్వీ అనే చరిత్రకారిణి 2019లో తెచ్చిన పుస్తకంలో లెక్కలతో చూపించిన విషయం ఒకటే. గిల్డులు రాజులకు రుసుములు, అప్పులు, పన్ను వసూలు సాయం ఇచ్చేవి. బదులుగా బయటివాళ్లను, ఆడవాళ్లను, అన్యమతస్థులను పనికి దూరంగా ఉంచే అధికారం పుచ్చుకునేవి. పనితనం నేర్పాయి, తూకం సరిచూశాయి, నిజమే. కానీ నాణ్యత పేరుతో పెట్టిన నిబంధనల్లో చాలావరకు పోటీని ఆపడానికే పనికొచ్చాయి.

ఇప్పటి మన ఊళ్ల సంగతికి వద్దాం. మందుల ఏజెన్సీనే తీసుకోండి. హోల్‌సేల్‌కు చట్టం అడిగేవి స్పష్టంగా ఉన్నాయి. ఔషధ నియంత్రణ శాఖ ఇచ్చే 20బి, 21బి లైసెన్సులు, కనీసం 10 చదరపు మీటర్ల చోటు, అర్హత గల మనిషి కావాలి. ఆ మనిషి రిజిస్టర్డ్ ఫార్మసిస్టైనా కావచ్చు, ఏడాది అనుభవమున్న డిగ్రీదారైనా, నాలుగేళ్ల అనుభవమున్న పదో తరగతి పాసైన వ్యక్తైనా కావచ్చు. ఇవి చట్టం పెట్టిన గడపలు. వీటిలో దగ్గరి దారి వెతక్కండి, ఫార్మసిస్టు సర్టిఫికెట్ అద్దెకు తేకండి. ఒక్క తనిఖీతో మొత్తం పోతుంది.

తర్వాత వచ్చేదే చిక్కు. లైసెన్సు చేతికొచ్చింది, షాపుకు అడ్వాన్సు కట్టేశారు, ఇద్దరు కుర్రాళ్లను పెట్టుకున్నారు. అప్పుడు కంపెనీ ప్రతినిధి, "మీ జిల్లా సంఘం నుంచి ఎన్‌ఓసీ తెండి సార్, అది లేకపోతే స్టాక్ ఇవ్వలేం" అంటాడు. ఏ చట్టంలోనూ ఆ ఎన్‌ఓసీ లేదు. దానిమీద కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా చాలాసార్లు తీర్పులిచ్చింది, 2013లో అఖిల భారత మందుల వ్యాపారుల సంఘానికి జరిమానా కూడా వేసింది. అయినా అలవాటు ఒక్క ఉత్తర్వుతో పోలేదు.

ఇక్కడ జరిగే తప్పులు రెండు. మొదటిది, విరాళం పేరుతో రసీదు లేకుండా నగదు ఇచ్చేయడం. అలా ఇచ్చినవాడు రేపు ఫిర్యాదు చేయలేడు, పైగా వచ్చే ఏడాది కూడా అడుగుతారు. రెండోది, తీర్పు మన పక్కన ఉంది కదా అని మొదటి నెలలోనే యుద్ధానికి దిగడం. కమిషన్ ముందు కేసు ఏళ్లు పడుతుంది. మీ వర్కింగ్ క్యాపిటల్ నెలల్లో కరిగిపోతుంది. న్యాయం మీదే అయినా షాపు మూతపడ్డాక వచ్చే తీర్పుతో బ్యాంకు ఈఎంఐ కట్టలేరు.

నేను చెప్పే పద్ధతి ఇది. అడ్వాన్సు కట్టకముందే కనీసం రెండు మూడు కంపెనీల నుంచి స్టాకిస్టుగా నియమించే లేఖ తీసుకోండి. "తర్వాత చూద్దాం" అన్నవాళ్లను లెక్కలో వేసుకోకండి. ఎన్‌ఓసీ అడిగితే ఫోనులో వాదించకుండా కంపెనీకి ఈమెయిల్ రాయండి: "నా లైసెన్సు నంబరు ఇది, సరఫరా చేయలేకపోవడానికి కారణం రాతపూర్వకంగా తెలపగలరు." చాలాసార్లు ఈ ఒక్క మెయిల్‌కే గొంతు మారుతుంది, ఎందుకంటే ఆ కారణాన్ని కాగితంమీద పెట్టడానికి కంపెనీ లీగల్ విభాగం ఒప్పుకోదు. సంఘంలో సభ్యత్వం మాత్రం తీసుకోండి, రసీదుతో. బకాయిలు ఎగ్గొట్టేవాళ్లెవరో, ఏ ఆసుపత్రి ఆలస్యంగా కడుతుందో అక్కడే తెలుస్తుంది. ఫిర్యాదు తప్పదనుకుంటే మరీ నానబెట్టకండి. కాంపిటీషన్ చట్టం 2023 సవరణ తర్వాత కమిషన్‌కు మూడేళ్లలోపే వెళ్లాలి.

లా చదివినవాళ్లకూ ఇలాంటిదే ఒకటి. అడ్వొకేట్స్ చట్టం ఎన్‌రోల్‌మెంట్ ఫీజు 750 రూపాయలంటే, చాలా రాష్ట్రాల బార్ కౌన్సిళ్లు రకరకాల పద్దులు కలిపి వేలల్లో వసూలు చేశాయి. 2024 జులై 30న సుప్రీంకోర్టు అది చెల్లదంది. జనరల్ అభ్యర్థులకు 750, ఎస్సీ, ఎస్టీలకు 125 మించకూడదని చెప్పింది. అంతకుముందు కట్టినవాళ్లకు మాత్రం తిరిగి రాదు. బార్ కౌన్సిల్ చట్టం పెట్టిన సంస్థే, కానీ చట్టబద్ధమైన సంస్థ కూడా తన హద్దు దాటగలదు. ఫీజు అడిగితే ఏ సెక్షన్ కింద అని అడగడం అమర్యాద కాదు.

ఆటో స్టాండులో, హమాలీల ముఠాలో స్థానం 'కొనే' విషయంలో మరింత జాగ్రత్త కావాలి. బండికి పర్మిట్ ఇచ్చేది రవాణా శాఖ. స్టాండులో వరస నంబరు యూనియన్ ఏర్పాటు. రిజిస్టరైన యూనియన్‌కు బేరమాడే హక్కు ఉంటుంది, రోడ్డు మీద గుత్తహక్కు ఉండదు. పాతవాడి స్థానానికి లక్ష ఇచ్చారనుకోండి. ఆ లక్షకు రిజిస్ట్రేషన్ లేదు, బ్యాంకు తాకట్టు పెట్టుకోదు, స్టాండు మార్చమని మున్సిపాలిటీ అన్న రోజున అది సున్నా. దాన్ని ఆస్తిగా లెక్కేసి ఆ ధైర్యంతో అప్పు చేయకండి. ఒకటి రెండేళ్లలో తిరిగి రాబట్టుకోగలిగిన మొత్తం కంటే ఎక్కువ పెట్టొద్దు.

దుగ్గిరాల పసుపు యార్డు తీరు వేరు. అక్కడ ట్రేడరైనా, కమీషన్ ఏజెంటైనా 1966 మార్కెట్ల చట్టం కింద లైసెన్సు ఉన్నవాళ్లే. అంటే గుత్తహక్కును ప్రభుత్వమే రాసిచ్చింది, రైతుకు తూకం, చెల్లింపు దక్కాలన్న షరతుతో. ఆ షరతు నిలబడాలంటే బేరం కాగితంమీద ఉండాలి. రైతు కుటుంబం నుంచి వచ్చి ఏజెంటు దగ్గర గుమాస్తాగా చేరిన కుర్రాళ్లకు నా మాట ఒకటే: లాటు నంబరు, తూకం, ధర, కోతలు రాసిన చీటీ లేకుండా ఏ బస్తానూ కదలనివ్వకండి. కొనుగోలుదారులు ముందే కూడబలుక్కుని పాడుతున్నారని అనుమానం వస్తే, ఆ రోజు ధరను జాతీయ ఆన్‌లైన్ మార్కెట్ ఈ-నామ్‌లో మిగతా యార్డుల ధరతో పోల్చి రాసిపెట్టుకోండి. నెల రోజుల పట్టిక చేతిలో ఉంటే మార్కెట్ కార్యదర్శి దగ్గర మీ మాట నిలబడుతుంది. ఉత్త ఆరోపణతో వెళ్తే నిలబడదు.

ఇక మద్యం షాపులు. సర్కారు పంచిపెట్టే గుత్తహక్కుకు మన కళ్లముందున్న ఉదాహరణ ఇదే. 2019 అక్టోబరులో ప్రైవేటు షాపులు పోయి ప్రభుత్వమే అమ్మడం మొదలైంది. అయిదేళ్లకు, 2024 అక్టోబరులో, 3,396 షాపులను లాటరీలో మళ్లీ ప్రైవేటుకు ఇచ్చారు. ఒక్కో దరఖాస్తుకు తిరిగిరాని రుసుము 2 లక్షలు. వచ్చిన దరఖాస్తులు 89,882. సగటున ఒక్కో షాపుకు 26. అంటే ఒక్క దరఖాస్తు వేసినవాడికి తగిలే అవకాశం నాలుగు శాతం కూడా లేదు. అయిదుగురు స్నేహితులు కలిసి తలా 2 లక్షలు వేసుకుని అయిదు దరఖాస్తులు పెట్టారనుకోండి. అయిదింటిలో ఒక్కటీ తగలని అవకాశం ఎనభై శాతానికి పైనే, పోయేది 10 లక్షలు. తగిలినా అది రెండేళ్ల లైసెన్సు. మార్జిన్ ఎంతో ప్రభుత్వం చెప్పాలి, పాలసీ ఎప్పుడు మారేదీ ప్రభుత్వం చేతుల్లోనే. ఇల్లు తాకట్టు పెట్టి ఇందులో దిగకండి. భాగస్వామ్య పత్రం రాసుకోకుండా అసలు దిగకండి. లాటరీ తగిలిన మర్నాడే స్నేహితుల మధ్య వాటాల పేచీ మొదలవుతుంది.

చివరిగా, ఇప్పటికే సంఘంలో పదవి ఉన్నవాళ్లకు. రేపు మీరే కార్యదర్శి అవుతారు. కొత్తవాడిని ఆపాలని, అందరూ ఒకే ధరకు అమ్మాలని తీర్మానం రాయమంటారు. రాయకండి, వాట్సాప్‌లో కూడా పెట్టకండి, అసలు ఆ నిర్ణయమే జరగనివ్వకండి. కాంపిటీషన్ కమిషన్ సంఘాల మీదే కాదు, పదవుల్లో ఉన్న వ్యక్తుల మీద కూడా జరిమానాలు వేస్తోంది, వాళ్ల ఆదాయాన్ని బట్టి. తూకం సరిచూడటం, బకాయిలు రాబట్టడం, నైపుణ్యం నేర్పడం, అధికారుల దగ్గర అందరి తరఫున మాట్లాడటం సంఘం చేయదగ్గ పనులు. తలుపు మూయడం సంఘం పని కాదు. మీరు కొత్తగా వచ్చినప్పుడు ఆ తలుపు ముందు ఎంతసేపు నిలబడ్డారో గుర్తుంచుకుని, తర్వాత వచ్చినవాడికి రసీదు రాసివ్వండి.