కోళ్ల జబ్బుతో పాడి రైతుకు పనేమిటి?



నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల సంఘాల తనిఖీకి వెళ్లినపుడు మేము తరచు చూసే దృశ్యం ఒకటున్నది. పశువుల పాకలోనే కోళ్లు తిరుగుతుంటాయి. గాడిలో దాణా ఏరుకుంటాయి. కడిగి బోర్లించిన పాల క్యాన్లమీద ఎక్కి కూర్చుంటాయి. అదేమని అడిగితే "ఇంటి కోళ్లే కదా సార్" అంటారు. అందుకే ఈ పాఠం.

జబ్బుకు కారణం

బర్డ్ ఫ్లూ ఇన్‌ఫ్లుయెంజా 'ఎ' వైరస్ వలన వచ్చే అంటువ్యాధి. అందులో హెచ్5ఎన్1 రకం మిక్కిలి ప్రమాదకరం. అడవి బాతులు, నీటి పక్షులు ఒక్కొక్కప్పుడు జబ్బు పైకి కనబడకుండానే దీనిని మోసుకొని వస్తాయి. వాటి రెట్ట కలిసిన నీరు, మేత ద్వారా కోళ్లకు సోకుతుంది. ఆపైన ఊరూరా చేరవేసేది మనమే. చెప్పులు, గుడ్ల అట్టలు, కోళ్ల గంపలు, బండి చక్రాలు ఇందుకు సాధనాలు.

గుర్తులు

కోళ్లు ఉన్నట్టుండి గుంపుగా చనిపోవడం, జుట్టు, తమ్మెలు నీలంగా మారడం, తల వాచడం, గుడ్లు తగ్గడం. కొక్కెర తెగులులోనూ ఇంచుమించు ఇవే కనబడును. కనుక పరీక్ష చేయించనిదే తేలదు.

మన దేశంలో ఇది మొదట 2006లో మహారాష్ట్రలోని నవాపూర్‌లో బయటపడింది. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాలతోపాటు మన పొరుగునే ఉన్న కర్నూలులోనూ నిర్ధారణ అయింది.

మనుషులకు

జబ్బు కోళ్లను పట్టుకొనేవారికి, కోసేవారికి, ఈకలు పీకేవారికి సోకవచ్చు. ఒకరినుండి ఒకరికి తేలికగా వ్యాపించదు. కాని సోకితే ప్రాణాంతకం. 2003 నుండి ప్రపంచంలో 900 మందికి పైగా సోకగా, సుమారు సగంమంది మరణించారు. 2025 మార్చిలో నరసరావుపేటకు చెందిన రెండేళ్ల పాప ఈ జబ్బుతో కన్నుమూసింది. పచ్చి కోడిమాంసం ముక్క తిన్నదని ఇంటివారు తెలిపారు.

పాలకు సంబంధం

2024 మార్చిలో అమెరికాలో పాడి ఆవులకు ఈ వైరస్ సోకినట్లు కనుగొన్నారు. ఆవులు మేత మానినవి, పాలు తగ్గినవి, జున్నుపాలవలె చిక్కబడినవి. ఆ పచ్చిపాలు తాగిన పిల్లులు చనిపోయినవి. అయితే 72 డిగ్రీల వద్ద 15 సెకండ్లు పాశ్చరైజు చేసిన పాలలో ఈ వైరస్ బ్రతకదు. కాచిన పాలకు, బాగా ఉడికిన గుడ్డుకు, మాంసానికి భయపడనక్కరలేదు.

సభ్యులు చేయవలసినవి

1. కోళ్లను, బాతులను పశువుల పాకకు దూరంగా ఉంచవలెను. గాడి, నీటితొట్టి, క్యాన్లు వాటికి అందరాదు.

2. పచ్చిపాలు పిల్లలకు పట్టరాదు.

3. చచ్చిన కోడిని వట్టిచేతులతో తాకరాదు, కాలువలో వేయరాదు, కుక్కలకు పారవేయరాదు, అమ్మరాదు. వెంటనే పశువైద్యునికి కబురు చేయవలెను.

4. కోళ్లను తాకిన తరువాత సబ్బుతో చేతులు కడుగనిదే పాలు పిండరాదు.

5. కోళ్లు చనిపోయిన ఇంట ఎవరికైనా జ్వరం, ఆయాసం వస్తే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పవలెను.

కబురు చేస్తే మిగిలిన కోళ్లనూ చంపేస్తారని కొందరు దాస్తారు. జబ్బు నిర్ధారణ అయితే కిలోమీటరు పరిధిలోని కోళ్లను తొలగించే మాట నిజమే. ఆ నష్టం బాధాకరమే. కాని దాచిన జబ్బు దాచిన ఇంటితో ఆగదు. పోయిన కోళ్లను మళ్లీ పెంచుకోవచ్చు, పసిబిడ్డను తెచ్చుకోలేము.