కాయకమునకు కొలత

శ్రమించిన దేహము అలయును. రాత్రి నిద్రించినచో తెల్లవారుసరికి ఆ అలసట తీరును. ఇది లోకానుభవము. నిద్రించినను తీరని అలసట మరియొకటి కలదు. అది కండరములకు కాక మనస్సునకు చెందినది. పనికి పోవు వేళ సమీపించుకొలదిని గుండె బరువెక్కుట, చేయు పని యెవరికొరకో యను నిర్లిప్తత, నిన్నటివరకు చేతనైన పని నేడు చేతగాదేమోనను శంక దాని గురుతులు. 2019వ సంవత్సరమున ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల వర్గీకరణమున ఈ స్థితికి తావిచ్చుచు, దీనిని రోగమని చెప్పక, పనిచోట ఎడతెగక కొనసాగి, సరిగా పరిష్కరింపబడని ఒత్తిడి వలన కలుగు స్థితియని చెప్పినది. ఈ భేదము మాటల భేదము కాదు. రోగమైనచో దోషమును రోగియందు వెదకుదురు. పని వలన కలిగినదైనచో పనియందు వెదకవలెను.

అట్లు వెదకుట మన కుటుంబములలో అరుదు. కుమారుడు పని మానెదనని ఇంటికి వచ్చి కూర్చున్నపుడు తండ్రి చెప్పు మొదటి మాట ఓర్చుకొమ్మని. శరణుల కథలు విని పెరిగిన ఇండ్లలో దానికి కాయకమను పేరు కూడ తోడగును. కాయకము పవిత్రమైనది గనుక, ఎట్టి పనినైనను, ఎన్ని గంటలైనను, నోరెత్తక చేయుటయే భక్తుని లక్షణమని పెద్దలు నమ్మి చెప్పుదురు. సదుద్దేశముతో చెప్పు ఈ మాట బసవేశ్వరుని బోధతో ఎంతవరకు పొసగును, మనస్సును గూర్చి నేడు తెలిసినదానితో ఎంతవరకు పొసగునను ప్రశ్నను పరిశీలింపవలసియున్నది.

ఈ పరిశీలనకు పాయకరావుపేట తగిన స్థలము. తాండవ నదికి ఒక గట్టున తుని, మరియొక గట్టున పాయకరావుపేట. 2022 ఏప్రిల్ 4వ తేదీవరకు విశాఖపట్టణము జిల్లాలోను, ఆ దినమునుండి అనకాపల్లి జిల్లాలోను ఉన్న ఈ ఊరు చేనేతకు పేరొందినది. దీని మీదుగా పోవు జాతీయ రహదారిని పట్టుకొని ఉత్తరముగా సాగినచో నక్కపల్లి ప్రాంతమున ఔషధ కర్మాగారము, ఇంకను ముందునకు పోయినచో అచ్యుతాపురము, పరవాడలలోని పారిశ్రామిక వాడలు వచ్చును. పాతకాలపు పనియు, క్రొత్తకాలపు పనియు ఒకే రహదారిపై ఉన్నవి. తండ్రి మగ్గముపై, కుమారుడు కర్మాగారములో పనిచేయు ఇల్లు ఇట్టి ఊళ్లలో వింత కాదు. అట్టి ఇంటినొకదానిని పాఠకులు మనస్సున నిలుపుకొందురు గాక.

తండ్రి గుంటమగ్గముపై కూర్చున్నాడు. ఇల్లు తనది, మగ్గము తనది. ఎవడును గంట కొట్టి పిలువడు. చూచువారికి ఇంతకంటె స్వతంత్రమైన వృత్తి లేదనిపించును. కాని నూలు షావుకారుది, రంగు షావుకారు ఎన్నినది, మజూరీ షావుకారు కట్టినది. పడుగు అతుకుటకు, కండెలు చుట్టుటకు భార్య వెచ్చించు గంటలు ఏ లెక్కలోను లేవు. పోగు తెగినచో ఆగి అతుకవలెను. నేతలో చిన్న లోపము కనబడినను మజూరీలో కోత పడును. వానాకాలమున గుంటలో నీరూరినపుడు పని నిలుచును, మజూరీ నిలుచును, తీసికొన్న బాకీ మాత్రము నిలువక పెరుగును. నేతగాని వెన్నునొప్పిని గూర్చి, కంటిచూపును గూర్చి అందరును మాటలాడుదురు. చీర నేయుచున్నంతసేపు అతని తలలో తిరుగు లెక్కను గూర్చి మాటలాడువారు తక్కువ. ఈ చీర దిగినచో ఎంత వచ్చును, అందులో బాకీకి ఎంత పోవును, మిగిలినదానితో ఎన్ని దినములు గడచును. నాడె ఇటునుండి అటు పోవునంతసేపును ఈ లెక్కయే.

కుమారుడు కర్మాగారమునందు మూడు షిఫ్టులలో మారి మారి పనిచేయును. రియాక్టరులో బ్యాచి నడచుచుండగా వేడిమిని, ఒత్తిడిని కనిపెట్టుచు, నిర్ణీత సమయములకు పుస్తకమున వ్రాయుచు ఉండవలెను. బదులు మనిషి రానిచో తన షిఫ్టు ముగిసినను కదలుటకు వీలు లేదు. కాంట్రాక్టరు ద్వారా చేరినవాడైనచో రేపు పనియున్నదో లేదో కాంట్రాక్టరు నోటినుండి వినవలసినదే. రాత్రి షిఫ్టు ముగించి కంపెనీ బస్సులో ఉదయమున ఇంటికి చేరును. నిద్రింపవలసిన వేళ అది. మగ్గము మొదలగు వేళయు అదే. ఒకే గది, లేదా గదిన్నర. పలక దెబ్బకు కుమారునికి నిద్ర పట్టదు. కుమారుని కొరకు మగ్గమాపినచో తండ్రికి ఆ పూట మజూరీ లేదు. వీరిలో ఒకరిపై ఒకరికి కోపము లేదు. అయినను ఆ ఇంట మాటకు మాట పెరుగుచుండును. ఇరుగుపొరుగువారు దానిని కుటుంబ కలహమని తలతురు.

ఇట్టి స్థితిని శాస్త్రీయముగా విచారించినవారిలో అమెరికా దేశీయుడైన రాబర్ట్ కరాసెక్ ఒకడు. 1979లో ఆయన ప్రకటించిన సిద్ధాంతమును సంగ్రహముగా చెప్పవచ్చును. పని ఎక్కువగా ఉండుట మాత్రమే మనస్సును కృంగదీయదు. పని ఎక్కువగా ఉండి, దానిని ఎట్లు చేయవలెను, ఎంత వేగముగా చేయవలెను, ఎప్పుడు ఆపవలెను అను నిర్ణయములలో చేయువానికి అధికారము లేనపుడు మనస్సు నలుగును. ఎక్కువ పనియున్నను నిర్ణయాధికారమున్నవాడు దాని వలన నేర్చుకొని ఎదుగును. 1996లో యోహన్నెస్ సీగ్రిస్ట్ ఇంకొక అంశమును దీనికి జోడించెను. పెట్టిన శ్రమకు తగిన ప్రతిఫలము రానపుడు, అనగా ధనము, గౌరవము, రేపటిపై భరోసా, ఈ మూడును కొరవడినపుడు హాని కలుగును. లండను నగరమున పదివేలకు పైగా ప్రభుత్వోద్యోగులను 1985నుండి పరిశీలించిన వైట్‌హాల్ అధ్యయనమున, హృద్రోగము పై అధికారులలో కంటె క్రింది ఉద్యోగులలో ఎక్కువగా కనబడినది. తమ పనిపై తమకు అధికారము లేకపోవుట దానికి గల ముఖ్య కారణములలో ఒకటియని పరిశోధకులు తేల్చిరి. బాధ్యత మోయువానికే గుండెపోటు వచ్చునను నమ్మకము నేటికిని మనలో పోలేదు. ఆ అధ్యయనము దానిని తలక్రిందులు చేసినది.

పైన చెప్పిన ఇంటిని ఈ వెలుగులో చూచినచో తండ్రికిని, కుమారునికిని కలిగినది ఒకే బాధయని తెలియును. ఒకడు ఇంటనుండి, ఒకడు ఊరు దాటి పనిచేయుచున్నను, పని కొలత ఇద్దరి చేతులలోను లేదు.

కొలతయను మాట వచ్చినది గనుక ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మల వృత్తాంతమును ఇచట స్మరింపవలెను. పండ్రెండవ శతాబ్దమున కల్యాణమునందు నేల రాలిన బియ్యమును ఏరి తెచ్చి దాసోహము నడపుట మారయ్య కాయకము. ఒకనాడు ఆయన నిత్యము తెచ్చుదానికంటె అధికముగా తెచ్చెను. అది చూచిన లక్కమ్మ సంతసింపక, అధికమైనదానిని తెచ్చిన చోటనే పోసి రమ్మని భర్తను వెనుకకు పంపెను. ఈ కథను లోభమునకు విరుగుడుగా చెప్పుట ఆచారము. అందు ఇంకొక అర్థమును కలదు. కాయకమునకు ఒక మితియున్నది; ఆ మితిని నిర్ణయించినది రాజు కాదు, భాండాగారము కాదు, ఆ కాయకమును చేయు దంపతులే. నేటికి చాలునని వారు చెప్పగలిగిరి. నేతగాడైన దేవర దాసిమయ్య, త్రాళ్లు పేనిన నులియ చందయ్య, కట్టెలమ్మిన మోళిగె మారయ్య, వీరెల్లరును తమ పనిని తామే చేతబట్టినవారు. తమ శ్రమఫలము జంగమునకు, సాటివారికి అన్నమగుటను కన్నులార చూచినవారు. ప్రతిఫలమనగా సీగ్రిస్ట్ చెప్పిన గౌరవము, భరోసా ఆ సమాజమున వారికి లభించెను. కాయకమున ఎక్కువ తక్కువలు లేవనిన బసవేశ్వరుని బోధ పనివానికి తలయెత్తుకొను ధైర్యమిచ్చుటకు పుట్టినది. దానిని తలవంచుకొమ్మని చెప్పుటకు వాడుట బోధను తిరగవేయుటయే. యజమానులు అట్లు చెప్పినచో దానిని స్వలాభమనవచ్చును. తలిదండ్రులే చెప్పుట విచారకరము.

గంటల సంగతిని కూడ చూడవలెను. ప్రపంచ ఆరోగ్య సంస్థయు, అంతర్జాతీయ కార్మిక సంస్థయు కలిసి 2021లో ప్రకటించిన అంచనా ప్రకారము, వారమునకు 55 గంటలు లేదా అంతకంటె ఎక్కువ పనిచేయువారికి, 35నుండి 40 గంటలు చేయువారితో పోల్చినచో, పక్షవాతము వచ్చు ప్రమాదము 35 శాతము, హృద్రోగముతో మరణించు ప్రమాదము 17 శాతము అధికము. 2016వ సంవత్సరమున దీర్ఘకాలపు పనిగంటల వలన ప్రపంచమున 7,45,000 మంది మరణించిరని ఆ సంస్థల లెక్క. మన దేశమున 1948వ సంవత్సరపు ఫ్యాక్టరీల చట్టము వారమునకు 48 గంటలను, అధిక పనికి రెట్టింపు వేతనమును నిర్ణయించినది. 2025 జూన్ నెలలో ఆంధ్ర ప్రదేశ్ మంత్రివర్గము ఫ్యాక్టరీలలో దినపరిమితిని 9నుండి 10 గంటలకు పెంచుటకు తీర్మానించినది. అదే సంవత్సరము నవంబరు 21న దేశమంతట అమలులోనికి వచ్చిన వృత్తి భద్రతా స్మృతి, అధిక పనికి కార్మికుని సమ్మతి ఉండవలెనని, రెట్టింపు వేతనమీయవలెనని చెప్పుచున్నది. సమ్మతి అడుగునది మేస్త్రీ, ఇచ్చునది రేపటి పనికై అతనిపై ఆధారపడినవాడు. ఆ సమ్మతి విలువ ఎంతయో ఊహింపవచ్చును. బస్సులో గడచు గంటలు ఈ లెక్కలలో చేరవు. ఇంటిలోని మగ్గమునకు ఈ లెక్కలే లేవు.

రాత్రి పని విషయమున దేహము తనకు తాను ఒక గడియారము. అది వెలుతురును బట్టి నడచును. పగటి నిద్ర రాత్రి నిద్రకంటె పొట్టిది, పలుచనిది. షిఫ్టులను ఉదయము, మధ్యాహ్నము, రాత్రి అను వరుసలో ముందునకు త్రిప్పినచో దేహము కొంత సులభముగా సర్దుకొనును. వెనుకకు త్రిప్పినచో కష్టపడును. దీనికి యజమానికి పెద్ద వ్యయము కాదు. ఒక కాగితముపై వరుస మార్చిన చాలును.

ఇంకొక భారము ఈ ప్రాంతపు శ్రామికులపై ప్రత్యేకముగా పడినది. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురము ప్రత్యేక ఆర్థిక మండలియందలి ఎసెన్షియా ఔషధ కర్మాగారమున జరిగిన విస్ఫోటములో 17 మంది మరణించిరి. 2025 ఏప్రిల్ 13న కోటవురట్ల మండలము కైలాసపట్టణమున బాణసంచా తయారీ కేంద్రము పేలి 8 మంది మరణించిరి. మృతులకు పరిహారము ప్రకటింపబడును. గాయపడినవారు ఆసుపత్రిలో చేర్పబడుదురు. గాయము లేక బయటపడినవానిని అదృష్టవంతుడందురు. ఆ అదృష్టవంతుడు మరల అట్టి ద్వారమునే దాటి లోనికి పోవలెను. చిన్న శబ్దమునకు ఉలికిపడుట, జరిగినది కలలో మరల మరల కనబడుట, ఆ మార్గమునే తప్పించుకొని తిరుగుట నెల దాటినను తగ్గనిచో దానిని పిరికితనమని తలపరాదు. అది చికిత్సకు లొంగు మనోవ్యాధి. అట్టి దుర్ఘటనలు వినిన ప్రతి ఇంటిలోను తల్లులు బస్సు వచ్చువరకు వాకిట నిలుచుచుందురు; వారి మనస్సును కూడ ఈ లెక్కలో వేయవలెను.

ఇక చేయవలసినది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వెలువరించిన మార్గదర్శకములు పని ఏర్పాటును మార్చుటను, పై అధికారులకు శిక్షణనిచ్చుటను ముఖ్యముగా చెప్పినవి. ఒత్తిడి తగ్గించుకొను ఉపాయములను పనివానికి నేర్పుట మంచిదే. కాని వారమునకు ఒకనాడు ధ్యానము నేర్పించి, మిగిలిన ఆరునాళ్లు షిఫ్టు పొడిగించు సంస్థ చేసినది ఏమియు లేదు. కుటుంబములవారు గమనింపవలసినవి కొన్ని కలవు: నిద్రయు, ఆకలియు రెండు వారములకు మించి చెడుట, త్రాగుడు పెరుగుట, మునుపు ఇష్టమైనవానిపై విముఖత, తాను లేకున్న బాగుండునను మాట. ఈ కడపటి మాట వినినచో ఉపదేశములు కట్టిపెట్టి వానిని ఒంటరిగా విడువక ఆ దినముననే వైద్యుని కడకు తీసికొనిపోవలెను. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 సంఖ్యపై రేయింబవళ్లు ఉచితముగా ఫోను చేసి తెలుగులోనే మాటలాడవచ్చును. 2017వ సంవత్సరపు మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము ప్రభుత్వ వైద్యశాలలలో ఈ చికిత్సను పొందుటను పౌరుని హక్కుగా చేసినది.

మఠములు చేయదగినది కూడ ఒకటి కలదు. మఠమందిరములు తరచు పగటివేళ నిశ్శబ్దముగా, చల్లగా, నిర్మానుష్యముగా ఉండును. రాత్రి షిఫ్టు ముగించి వచ్చు యువకులకు ఉదయమునుండి మధ్యాహ్నమువరకు అందొక గది విడిచి, కిటికీలకు దళసరి తెరలు కట్టి, చాపలు పరచి, ఆ సమయమున గంట మ్రోయకుండ చూచినచో చాలును. అపుడు కుమారుడు అచట నిద్రించును. ఇంటివద్ద తండ్రి మగ్గము ఆగదు.